సంతకం పెట్టే పిల్ల

సామర్లకోట,
మే, ఆదివారం.

పిన్నికి,

ఉత్తరం చూసి కంగారు పడకు. అమ్మ బాగానే ఉంది. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోన్ చేస్తే బాబాయి స్పీకర్ పెట్టమంటారు. నేను ఒక మాట అనేలోగా ఆయన పది మాటలు అంటారు, నువ్వు "సరేలేమ్మా, ఉంటాను" అని పెట్టేస్తావు. వాట్సాప్‌లో రాస్తే నీ ఫోన్ ఆయన చూస్తారు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి, లూర్దుమేరి ఆంటీకి పంపుతున్నాను. గల్ఫ్‌లో ఆవిడ పనిచేసే ఇల్లు కూడా మీ అరాద్‌లోనే కాబట్టి మీ ఫెలోషిప్‌కే వస్తుందట కదా. శుక్రవారం ఆరాధన అయ్యాక వంటల దగ్గర నీకు చూపిస్తానంది.

విషయం నా ఉద్యోగం గురించి. వైజాగ్ ఇంటర్వ్యూలో సెలెక్ట్ అయ్యానని నీకు చెప్పాను కదా. బాబాయి ఫోర్‌మన్‌గా ఉన్న కంపెనీయే. ఎండలు తగ్గాక మీ దగ్గర సిత్రాలో పెద్ద ఆయిలు ట్యాంకులు ఖాళీ చేసి శుభ్రం చేస్తారట. దానికి ఇద్దరు సేఫ్టీ ఆఫీసర్లు కావాలన్నారు. ఇంటర్వ్యూ చేసిన ఇంజనీరు నా సర్టిఫికెట్లు చూసి, అడగాల్సినవన్నీ అడిగి, "ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి రెడీగా ఉండమ్మా" అన్నాడు. ఇచ్చేశాను. కాకినాడ ఫ్యాక్టరీలో నా కుర్చీలో అప్పుడే ఇంకొకరు కూర్చున్నారు.

మొన్న ఏజెంటు ఫోన్ చేశాడు. "మేడమ్, మీది పక్కన పెట్టారు. అక్కడ క్యాంపులో లేడీస్‌కి గదులు లేవంట" అన్నాడు. నేను క్యాంపు అడిగానా పిన్నీ? మా పిన్ని అరాద్‌లో ఉంది, వాళ్ళింట్లోనే ఉంటానని అప్లికేషన్‌లోనే రాశాను. అదే చెప్తే, "అది నాకు తెలీదు మేడమ్, పైనుంచి వచ్చింది" అని పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోతోంది. కాకినాడలో మొదటి నెల ఏమైందో నీకు చెప్పలేదు. ఒక కాంట్రాక్టరు, ట్యాంకులో గాలి పరీక్ష చేయకుండానే మనుషుల్ని దించబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. "పాపా, నీకు పెళ్ళయిందా?" అన్నాడు. అవలేదు, మీటరు పెట్టి చూసేదాకా ఒక్కడు కూడా దిగడానికి వీల్లేదు అన్నాను. చూస్తే లోపల గ్యాసు ఉంది. ఆ తరవాత వాడు నన్ను మేడమ్ అనే పిలిచాడు. ఆ ఉద్యోగం నాకు ఊరికే ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు గదుల్లేవని చెప్పి ఇంట్లో కూర్చోమంటే ఎలా కూర్చోను?

బాబాయి ఒక్క మాట చెప్తే చాలు. మా అమ్మాయి మా ఇంట్లో ఉంటుంది, క్యాంపు అక్కర్లేదు అని. ఆ ఒక్క మాట చెప్పించు.

నీ ఏంజెల్

*

అరాద్,
జూన్, శుక్రవారం.

నా చిట్టి ఏంజెల్‌కి పిన్ని ముద్దులు.

నీ ఉత్తరం వంటగదిలో నిలబడి చదివాను. లూర్దుమేరి పక్కన ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి నా కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, కోపం వస్తే అక్షరాలు పెద్దవవుతాయి.

బాబాయిని అడిగాను తల్లీ. మొదట "చూద్దాం" అన్నారు. రెండోసారి అడిగితే "కంపెనీ రూల్సు నాకేం తెలుసు, నేను ఫోర్‌మన్‌ని, మేనేజర్ని కాదు" అన్నారు. ఆయనకీ బాధగానే ఉండి ఉంటుంది. మాకు పిల్లలు లేరని నిన్ను సొంత కూతురిలా చదివించిన మనిషి. నీ పేరు చెప్పుకుని ఎంత పొంగిపోతారో నీకు తెలుసు. ఆయన మీద తొందరపడకు.

ఇక్కడ అప్పుడే ఎండ ముదిరింది. ఈ రెండు మూడు నెలలూ మధ్యాహ్నం పూట మనుషుల చేత బయట పని చేయించకూడదని రూలు. ఆ ఎండల్లో, ఆ మగవాళ్ళ మధ్య నువ్వు హెల్మెట్ పెట్టుకుని తిరుగుతుంటే ఊహించుకుంటే నాకే భయమేస్తుంది. ఒకందుకు మంచిదేనేమో.

నీకు ఒక సంగతి చెప్పలేదు. నువ్వు సెలెక్ట్ అయ్యానని ఫోన్ చేసిన వారమే నేను ఆరాధనలో సాక్ష్యం చెప్పేశాను. వీసా చేతికి రాకముందే చెప్పకూడదు కానీ, విశ్వాసం ఉన్నవాళ్ళు ముందే కృతజ్ఞత చెప్పాలని మనవాళ్ళు అంటారు కదా. మైకు పట్టుకుని, "మా అక్క కూతురు సేఫ్టీ ఆఫీసరుగా సిత్రాకి వస్తోంది, ఆమె సంతకం లేకుండా ఒక్క మనిషి కూడా ట్యాంకులోకి దిగడానికి వీల్లేదు" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నేను చేసుకెళ్ళిన బూరెలు పంచాను. సంఘ పెద్ద సైమన్ గారు, ఇంకో నలుగురూ కారు దగ్గర బాబాయితో ఏదో అని నవ్వుకున్నారు. దారి పొడుగునా బాబాయి మాట్లాడలేదు. ఎండకి తలనొప్పి అనుకున్నాను.

ఇంకో మాట. ఈసా టౌన్ వైపు ఒక చిన్నపిల్లల స్కూల్లో ఆయాకీ టీచరుకీ మధ్యన ఒక పని ఉందట. పిల్లల్ని కూర్చోబెట్టడం, తినిపించడం. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. కావాలంటే నిన్ను దానికి రప్పిస్తానని బాబాయి అన్నారు. ఆడపిల్లకి గౌరవంగా ఉంటుంది. ఆలోచించు.

నీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.

మెర్సీ పిన్ని

*

సామర్లకోట,
జూలై.

పిన్నికి,

సోమరాజు గుర్తున్నాడా? డిప్లొమాలో నా క్లాస్‌మేట్. వైజాగ్ ఇంటర్వ్యూకి వాడూ వచ్చాడు, ఇద్దర్నీ కలిపే అడిగారు. ఇంజనీరు ఏదడిగినా వాడు నా వైపు చూశాడు. వాడికి వీసా వచ్చింది. వాడే ఫోన్ చేసి చెప్పాడు. మంచివాడు కాబట్టి సంతోషపడలేకపోయాడు. "నీకు రావాల్సింది ఏంజెల్" అన్నాడు. తరవాత నా నోట్సు అడిగాడు. ఇచ్చాను.

రెండో పోస్టు ఇంకా ఖాళీగానే ఉందట. మగవాడు దొరికేదాకా వెతుకుతారట. కుర్చీ ఖాళీగా అయినా ఉంచుతారు గానీ నన్ను కూర్చోనివ్వరు.

అది కాదు అసలు విషయం. సోమరాజు ఏజెంటు ఆఫీసులో నా గురించి అడిగాడట. వాళ్ళు ఏమన్నారో వాడు చెప్పిన మాటల్లోనే రాస్తున్నాను. "ఆ అమ్మాయి ఇంట్లోవాళ్ళకే ఇష్టం లేదంట. వాళ్ళ బంధువు ఒకాయన కంపెనీలోనే ఉన్నాడు. మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు, తీసుకోవద్దని ఆయనే చెప్పాడంట. గదులు లేవని మర్యాదకి అన్నారు."

మా ఇంట్లో ఎవరు ఒప్పుకోలేదు? నాన్న లేరు. అమ్మని అడిగాను. "నేనెవరికి చెప్పానే, నాకు ఫోన్ నొక్కడమే సరిగా రాదు" అంది. నేను చెప్పలేదు. ఇక ఆ కంపెనీలో మన బంధువు ఎవరో నువ్వే చెప్పు.

మార్చిలో మీ ఫెలోషిప్‌లో మహిళా దినోత్సవం చేశారు. ఆ వీడియో నువ్వే పంపావు. బాబాయి స్టేజీ మీద నిలబడి, తెర మీద నా ఫోటో వేయించి, "ఆడపిల్లని చదివించండి, చదువు ఒక్కటే ఆమె చేతిలో ఉండే ఆస్తి" అన్నారు. శాలువా కప్పారు. నేను ఆ వీడియో అమ్మకి చూపించి ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం మీద నేనే నీళ్ళు కొట్టుకోవాలనిపిస్తోంది. ఆస్తి ఇచ్చి, తాళం ఆయన జేబులో పెట్టుకున్నారు.

స్కూల్లో పని గురించి రాశావు. పిల్లలకి తినిపించడం చిన్న పని అని నేను అనను. కానీ నేను నేర్చుకున్నది అది కాదు. సోమరాజుని ఎవరూ చిన్నపిల్లల స్కూలుకి పొమ్మనలేదు. ఎండకి వాడు కరిగిపోతాడని ఎవరూ భయపడలేదు. ఒకందుకు మంచిదేనేమో అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

ఒక్కటే అడుగుతున్నాను. నీకు తెలుసా? తెలిసే ఆ ఉత్తరం రాశావా?

ఏంజెల్

*

అరాద్,
జూలై, చివరి వారం.

ఏంజెల్‌కి,

తెలియదు. ముందు అది నమ్ము. నమ్మకపోయినా నేను అనగలిగింది లేదు, ఎందుకంటే తెలుసుకోవాలని నేను ప్రయత్నించలేదు.

నీ ఉత్తరం చదివిన రోజే అడిగాను. ఆయన చేపల పులుసు కలుపుకుంటున్నారు.

"ఏవండీ, ఏంజెల్ సంగతి ఆఫీసులో మీరేవన్నా చెప్పారా?"

"చెప్పాను" అన్నారు. ముల్లు తీసుకుంటూ అన్నారు.

"మా ఇంట్లో ఒప్పుకోలేదని చెప్పారా?"

"నేనొప్పుకోలేదు. నేను ఇంట్లో మనిషిని కాదేటి?"

"అదేంటండీ, ఆ చదువు చెప్పించింది మీరే కదా."

"చదువు చెప్పించాను. సిత్రా రమ్మన్లేదు."

"మరెందుకు చెప్పించారండీ?"

"నలుగుర్లో గౌరవంగా ఉంటాదని. మంచి సంబంధం వస్తాదని. అన్ని వందల మంది మగాళ్ళ మజ్జిన నిలబడ్డానికి కాదు."

నేను ఊరుకుని ఉంటే ఇంతటితో అయిపోయేది, నాకూ ఆయనది భయమే అనిపించేది. ఊరుకోలేదు. నువ్వు కాకినాడలో రెండేళ్ళు మగవాళ్ళ మధ్యనే పని చేశావు కదా, అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు వచ్చిందని అడిగాను. అప్పుడు కంచం పక్కకి నెట్టారు.

"నీకసలు ఆ పిల్ల పనేంటో తెలుసా మెర్సీ? నా మనుషులు ట్యాంకు కాడ రెడీగా నిలబడి ఉంటారు. ఆ పిల్ల వచ్చి మీటరు పెట్టి, సంతకం పెడితేనే దిగాలి. రేపు అందరి ముందూ 'బాబాయ్, కుదరదు, ఆపండి' అంటే నేను ఆపాలి. నేను పెంచిన పిల్ల నా పని ఆపుతాదా? ఆ రోజు నువ్వు మైకులో కూసిన కూతకి సైమన్ గారు ఏవన్నారో తెలుసా? 'ఇకనుంచి శాంతిరాజు పన్లోకి దిగాలంటే అమ్మాయి కాడ పర్మిషన్ తెచ్చుకోవాలన్నమాట' అన్నారు. కారు కాడ అందరూ నవ్వేరు. అదంతా నీ నోటి వల్లే."

ఇదీ సంగతి. నిన్ను ఆపింది గదులు కాదు, ఎండ కాదు, మగవాళ్ళు కాదు. కారు దగ్గర నలుగురు నవ్విన నవ్వు. నీ ఉద్యోగం ఆ నవ్వు ఖరీదు చేయలేదు. నేను ముందే సాక్ష్యం చెప్పకపోతే ఆ నవ్వు ఉండేది కాదేమో అని రెండు రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. తరవాత ఆ తిట్లు మానేశాను. నేను చెప్పింది అబద్ధం కాదు. నీ సంతకం లేకుండా ఎవరూ దిగకూడదు, అంతే.

ఇంకొకటి ఉంది. నాకు పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈసా టౌన్‌లో ఒక స్కూల్లో సైన్సు టీచరు పని వచ్చింది. పాఠం చెప్పి చూపించాను కూడా. రమ్మన్నారు. బాబాయి కనుక్కుని వచ్చి, "భర్త వీసా మీద ఉన్నవాళ్ళు ఇక్కడ పని చెయ్యకూడదంట, పట్టుకుంటే నా ఉద్యోగం కూడా పోతాది" అన్నారు. నమ్మాను. బీయస్సీ, బీఈడీ సర్టిఫికెట్లు పెట్టె అడుగున పెట్టి, ఫెలోషిప్‌కి బూరెలు చేయడంలో నా అంతటిది లేదనిపించుకున్నాను. ఈ శుక్రవారం, మా ఫెలోషిప్‌కి వచ్చే ఉమారాణి టీచరుని అడిగాను. ఆవిడ వింతగా చూసింది. "అదేంటి మెర్సీ, నేను మా ఆయన వీసా మీదే ఉన్నాను. స్కూలువాళ్ళు అనుమతి తీస్తారు. నువ్వు వద్దన్నావని మీ ఆయన చెప్పారే, అందుకే ఎప్పుడూ అడగలేదు" అంది.

నేను వద్దన్నానట. అక్కడ నా మాట కూడా ఆయనే చెప్పేశారు.

ఆయన చెడ్డవాడు కాదని రాయబోయి ఆగిపోయాను. ఆ వాక్యం నేను చాలా ఏళ్ళుగా రాస్తున్నాను. కోపం రావడం మర్చిపోయానని అనుకున్నాను ఏంజెల్. మర్చిపోలేదు. ఇప్పుడు ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు.

పిన్ని

*

సామర్లకోట,
ఆగస్టు.

పిన్నీ,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "పోనీలే, పెద్దాయన, చదివించినోడు" అంది మొదట. బియ్యం ఏరుతూ కూర్చుంది. కాసేపయ్యాక చేట పక్కన పెట్టి, "అయినా మనింట్లో ఒప్పుకోలేదని చెప్పడానికి ఆయనెవరు? నన్నడిగాడా?" అంది. అమ్మ నోట బాబాయి మీద ఒక్క మాట నేను అప్పటిదాకా వినలేదు.

నాకు నీ మీద కూడా కోపంగా ఉంది. దాచి రాయడం నాకు రాదు. నీ ఉద్యోగం పోయినప్పుడు నువ్వు ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే ఆయనకి ఇంకొకరి మాట తన నోటితో చెప్పే అలవాటు అయ్యేది కాదు. ఇది రాశాక నాకు ఏడుపొచ్చింది. కానీ కొట్టేయలేదు.

కంపెనీకి నేనే ఈమెయిల్ రాశాను, ఫోన్ చేశాను. "ఇది మీ కుటుంబ సమస్య, ముందు ఇంట్లో తేల్చుకోండి" అన్నారు. నేను మైనర్ని కాదు పిన్నీ. ఓటు వేస్తున్నాను. ట్యాంకులోకి దిగే మనుషుల ప్రాణాలకి నా సంతకం చాలుతుంది, నా ఉద్యోగానికి మాత్రం నా మాట చాలదు. సోమరాజు వాళ్ళింట్లో ఒప్పుకున్నారో లేదో ఎవరూ అడగలేదు.

సెప్టెంబరులో ఆ పోస్టు నింపేస్తారు. దొరికిన మగవాడితో నింపేస్తారు. ఇక్కడ నాకు ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ దగ్గర కూర్చునే పని చూశారు మా వాళ్ళు. అందులో చేరితే నేను మళ్ళీ సైటు మీదికి వెళ్ళను. నన్ను నేను ఎరుగుదును, అలవాటు పడిపోతాను. నీలాగే.

ఇంట్లోవాళ్ళు చెప్పాలంటున్నారు. అక్కడ మా ఇంట్లోవాళ్ళంటే నువ్వే. సిత్రా ఆఫీసుకి వెళ్ళు. ఆ అమ్మాయికి ఇష్టం ఉంది, వాళ్ళమ్మకి ఇష్టం ఉంది, నాకు ఇష్టం ఉంది, మా ఇంట్లో గది ఉంది, కాదన్న మనిషి మమ్మల్ని ఎవరినీ అడగలేదు అని చెప్పు. బాబాయి పని చేసే చోటే అని నాకు తెలుసు. ఆయన ముందు నుంచే నడిచి వెళ్ళాలని కూడా తెలుసు.

వెళ్ళలేకపోతే వెళ్ళలేనని రాయి. తట్టుకుంటాను. ప్రార్థన చేస్తున్నానని మాత్రం రాయకు.

ఏంజెల్

*

అరాద్,
సెప్టెంబరు, శనివారం.

ఏంజెల్,

ఈ ఉత్తరం నా ఫోన్‌లోంచే పంపుతున్నాను. చూసేవాళ్ళు చూడనీ.

వెళ్ళాను. ఇన్నేళ్ళలో బాబాయి పని చేసే చోటు నేను కళ్ళతో చూడలేదు. రెండు బస్సులు మారి సిత్రాలో దిగేసరికి చీర ఒంటికి అంటుకుపోయింది. రోడ్డుకి ఒక పక్కన ట్యాంకులు, ఇంకో పక్కన క్యాంపులు, వాటి ముందు ఆరేసిన పని బట్టలు. నేను నడుస్తుంటే మగవాళ్ళందరూ చూశారు. చూశారు, అంతే. ఒకాయన కరీంనగర్ వైపు మనిషి, పోశన్న అట, "యాడికి పోవాలె అక్కా?" అని అడిగి గేటు దాకా వచ్చి వదిలిపెట్టాడు. బాబాయి పేరు చెబితే, "మా ఫోర్‌మన్ సాబ్ ఇంటామెనా?" అని చేతిలో ఉన్న నీళ్ళ సీసా ఇచ్చాడు. ఈ మగవాళ్ళ గురించేనా మనింట్లో అంత భయం అనుకున్నాను.

ఆఫీసులో మనుషుల్ని తీసుకునే సీట్లో ఉన్నది ఒక ఆడమనిషి. ఇక్కడి ఆవిడే, ఒంటి మీద బురఖా లాంటి నల్ల అబాయా, మెడలో కంపెనీ కార్డు. నేను దారంతా మగ మేనేజరుతో మాట్లాడడం సాధన చేసుకుంటూ వచ్చాను. ఆవిడని చూసేసరికి అదంతా మర్చిపోయి, వచ్చీరాని హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ అమ్మాయి మా అక్క కూతురు. వాళ్ళమ్మకి ఇష్టమే, నాకు ఇష్టమే. ఇంట్లో గది ఉంది. వద్దని చెప్పినాయన మా ఆయన. మాలో ఎవరినీ అడక్కుండా చెప్పాడు.

ఆవిడ కుర్చీ చూపించింది. "మీ ఆయన కుటుంబం తరఫున చెప్తున్నానన్నాడు. మేము ఇంకెవరినీ అడగలేదు" అంది. "అడగాల్సింది" అన్నాను. ఇంత మాట నేనేనా అన్నది అని నాకే అనిపించింది. కంప్యూటర్‌లో ఏదో చూసి, ఇంజనీరుకి ఫోన్ చేసి అరబ్బీలో గట్టిగానే మాట్లాడింది. పెట్టేసి, "ఖలాస్. ఆ అమ్మాయిదే. వీసాకి పంపుతాం" అంది. తరవాత ఒక సంగతి చెప్పింది. సోమరాజుకి ఇంకో షిఫ్టు ఇచ్చారు. మిగిలిన పోస్టు పగటి షిఫ్టు. శాంతిరాజు ముఠా పని చేసే షిఫ్టు. "మీ ఇంట్లో గొడవ అవుతుందా?" అని అడిగింది. అవుతుందన్నాను. "అయినా పంపమంటావా?" అంది. పంపమన్నాను.

బయటికి వచ్చేసరికి బాబాయి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఎవరో చెప్పినట్టున్నారు. పోశన్నా వాళ్ళూ చూస్తున్నారు కాబట్టి ఏమీ అనలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి అన్నారు. "నా ఇంట్లో ఆ పిల్లకి చోటు లేదు."

"అయితే నాకూ లేదండీ" అన్నాను.

గట్టిగా కూడా అనలేదు ఏంజెల్. అన్నం వడ్డిస్తూ అన్నాను. ఆయన నా వైపు చూశారు. నేను సరదాకి అనలేదని ఆయనకి అర్థమైంది. ఆ రోజు నుంచి మాటల్లేవు. కుట్టుమిషను హాల్లోకి జరిపి ఆ గదిలో నీకు మంచం వేశాను. ఆయన దాని పక్కనుంచే నడుస్తారు.

నిన్న ఆరాధనలో మళ్ళీ సాక్ష్యానికి లేచాను. ఆ పిల్లే రానందని బాబాయి సంఘంలో చెప్పి ఉన్నారు. మైకు తీసుకుని, "మా ఏంజెల్ రానని అనలేదు, ఆమెని రానివ్వలేదు. అడ్డం పడింది మా ఇంటి మనిషే. నాకూ ఒకప్పుడు అలాగే జరిగింది" అన్నాను. సైమన్ గారు వెంటనే పాట ఎత్తుకున్నారు. చప్పట్లు కొట్టించి నా మాట మీద పాట పాడించారు. నేను మైకు వదల్లేదు. రెండు చరణాలు అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. పాట ఎంతసేపు పాడగలరు? ఆగాక మిగిలింది చెప్పి కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి స్తోత్రం అని ఒక్క గొంతే వినిపించింది. లూర్దుమేరిది. ఆ తరవాత ఇంకొన్ని వినిపించాయి. బాబాయి తల ఎత్తలేదు.

ఉమారాణి టీచరు వాళ్ళ స్కూల్లో నా కాగితాలు ఇచ్చింది. పాఠం చెప్పి చూపించమన్నారు. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం తెచ్చుకుని చదువుతున్నాను. సగం మర్చిపోయాను. మర్చిపోయినందుకు కూడా కోపమొస్తోంది.

ఇప్పుడు నీకు రెండు మాటలు. బాబాయి ముఠా మీదే నీ పని అని తెలిసి నీకు భయమైతే చెప్పు, ఇంకో షిఫ్టుకి మార్చమని నేనే వెళ్ళి అడుగుతాను. దారి తెలుసు ఇప్పుడు. రెండోది, ఆయన పెద్దవాడు. బయటికి అనరు గానీ లోపల నలిగిపోతున్నారు. నీకు ఆయన మీద కోపం లేదని ఒక్క ముక్క రాయి. నేను చదివి వినిపిస్తాను. ఇల్లు కాస్త చల్లబడుతుంది.

మెర్సీ పిన్ని

*

సామర్లకోట,
సెప్టెంబరు, ఆఖరు.

నా పిన్నికి,

వీసా వచ్చింది. అమ్మ రెండు రోజులుగా పెట్టె సర్దుతూ, మళ్ళీ విప్పుతూ ఉంది. నేను తీసుకెళ్ళేది మీటరు పుస్తకాలు, సేఫ్టీ బూట్లు. అమ్మ పెట్టేది ఆవకాయ. ఎవరు గెలుస్తారో చూడాలి.

నువ్వు మైకు పట్టుకుని పాట అయ్యేదాకా నిలబడ్డావని చదివి, ఆ ముక్క అమ్మకి రెండుసార్లు వినిపించాను. ఇంతకుముందు నీలాగే అని ఒక మాట రాశాను. ఇప్పుడు ఆ మాటకి అర్థం మారిపోయింది, కాబట్టి వెనక్కి తీసుకోను.

షిఫ్టు మార్చమని అడగొద్దు. ఆ షిఫ్టే కావాలి. ఇంకో చోట నిలబడితే, బాబాయి ముందు నిలబడలేక తప్పుకుందని వాళ్ళే అంటారు.

కోపం లేదని రాయమన్నావు. చాలాసార్లు మొదలుపెట్టాను. ఆయన పుణ్యమా అని చదువుకున్నాను, అది ఎప్పటికీ మర్చిపోను. కానీ చదివించిన చెయ్యి కదా అని అదే చెయ్యి అడ్డం పెడితే ఊరుకోవాలా? నిన్ను అన్నేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టినదానికి, అమ్మ నోరు అమ్మకి తెలియకుండా వాడుకున్నదానికి, కారు దగ్గర నవ్వుకి నా బతుకు కట్టేయబోయినదానికి ఒక్క ముక్కతో ఎలా సరిపెట్టను?

ఆయనకి ఇది చదివి వినిపించు. ట్యాంకు ముందు ఆయన మనుషులు నిలబడి ఉంటారు. పోశన్న కూడా ఉంటాడేమో. నేను మీటరు పెట్టి చూస్తాను. లోపల గాలి బాగుంటే ఆయన అడగక్కర్లేదు, వెంటనే సంతకం పెడతాను. బాగోకపోతే ఆయన ఎంత అరిచినా, సైమన్ గారు ఎంత నవ్వినా పెట్టను. ఆ మనుషులు సాయంత్రం ఇళ్ళకి ఫోన్ చేసుకోవాలి. దాంట్లో నా కోపానికి పని లేదు, ఆయన పరువుకీ పని లేదు.

కోపం లేదని మాత్రం చెప్పకు పిన్నీ. ఉంది.

ఏంజెల్